ఎనిమిది స్వరాలు, ఒక చిరుగు

పొద్దున్న పదిన్నర. పాత రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేసే ఇరుకు గది. బల్లకు ఇవతల పదో తరగతి చదివే అమ్మాయి, అవతల మెకానిక్కు. కొత్తవాళ్ళ ముందు ఆమెకు నోరు పెగలదు గాని, ఇతను చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. అందరూ వాల్వుల బాబాయి అంటారు. బల్ల మీద ఆమె తాతయ్య యాంపు ఉంది, ఆమె చేతిలో గిటారు ఉంది.

"ఇంకొక్కసారి మీటు."

"మూడుసార్లు మీటాను బాబాయ్."

"తీగ వదులైందేమో."

"తీగ వదులైతే శ్రుతి పోతుంది. గరగర ఎందుకు పోతుంది?"

"ఒక్కోసారి అలా… వాతావరణం చల్లగా ఉంటే…"

"బాబాయ్, నా వంక చూడు."

"చూస్తూనే ఉన్నాగా."

"నువ్వు చూస్తోంది స్క్రూడ్రైవరు వంక."

"పని చేసేవాడు పనిముట్టు వంకే చూస్తాడు మరి."

"కరెంటు తీగ పాతబడింది, ముట్టుకుంటే షాక్ కొడుతోంది, ఆ ఒక్క తీగ మార్చమని సోమవారం ఇచ్చి వెళ్ళాను. ఇంకేదీ ముట్టుకోవద్దని చీటీ కూడా అంటించాను. తీగ మారింది, బాగానే ఉంది. మరి దీని గొంతెందుకు మారింది?"

"గొంతు బాగుపడిందని అనొచ్చుగా."

"బాగుపడమని ఎవరడిగారు?"

"నా దగ్గరికి వచ్చిన ఏ యాంపైనా శుభ్రంగా పలకాలి. అది నా పద్ధతి."

"వెనక చెక్క విప్పు."

"ఇప్పుడా? బిగించేశాను కదా తల్లీ."

"విప్పు బాబాయ్."

"నాలుగు స్క్రూలు, అందులో ఒకటి మొరాయిస్తుంది…"

"నేను విప్పనా?"

"వద్దు వద్దు. వాల్వులు వేడిమీదున్నాయి, చెయ్యి కాలుతుంది. ఉండు. ఉండమన్నానా. … ఇదిగో. చూసుకో."

"స్పీకరులో ఇది కొత్త కాగితం కోను."

"ఊఁ."

"మడత కూడా పోలేదు దీనికి. నల్లగా నిగనిగలాడుతోంది."

"మంచి కాగితం. ఇప్పుడు ఇలాంటి కాగితం దొరకడం లేదు. ఎంతో కాలంగా దాచుకున్నాను."

"చిరుగున్న కోను ఏది?"

"తీసేశాను."

"ఎందుకు?"

"చేతికి అలవాటమ్మా. చిరిగిన స్పీకరు కనిపిస్తే ఈ చెయ్యి ఊరుకోదు. మీ పిన్నిని అడుగు, దారిలో ఎవరి సైకిలు గొలుసు ఊడినా ఆగి వేసి గాని రానని రోజూ తిడుతుంది."

"ముప్పై ఏళ్ళుగా ఈ యాంపు నీ దగ్గరికే వస్తోంది. ముప్పై ఏళ్ళు ఊరుకున్న చెయ్యి ఈ వారం ఎందుకు ఊరుకోలేదు?"

"వయసు."

"వయసైతే చెయ్యి నెమ్మదిస్తుంది గాని, దూకుడెక్కుతుందా?"

"ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటున నక్కుతావు. నా దగ్గరికి వచ్చేసరికి వకీలువైపోతావు. ఆ నోరేదో స్కూల్లో కూడా వాడొచ్చుగా."

"మాట మార్చకు బాబాయ్. నాలుగింటికి రేడియోవాళ్ళు ఇంటికొస్తారు."

"తెలుసు."

"తెలిసే చేశావా?"

"తెలిసి చేశాననలేదు. వస్తారని తెలుసన్నాను."

"ఎందుకొస్తున్నారో తెలుసా నీకు? సరిగ్గా తెలుసా?"

"ఆదివారాలు చెబుతున్నారుగా, కరెంటు గిటారు కథ. దాని గురించే."

"మొత్తం పదమూడు భాగాలు. పదకొండు అయ్యాయి. ఒక్కటి కూడా వదల్లేదు నేను, అన్నీ డైరీలో రాసుకున్నాను. మొదటి భాగంలో ఏం చెప్పారంటే, డాన్సుహాళ్ళలో బూరాలవాళ్ళ మధ్య గిటారాయన కూర్చుంటే ఎవరికీ వినిపించేదే కాదట. చెయ్యి ఆడటం చూసి, ఆహా వాయిస్తున్నాడు కాబోలు అనుకునేవాళ్ళట. అప్పుడెవరో తీగల కింద అయస్కాంతం పెట్టి, దాని చుట్టూ రాగితీగ చుట్టి…"

"నాకా చెబుతున్నావు? ఆ రాగితీగ తలవెంట్రుక కన్నా సన్నం. వేల చుట్లు చుట్టాలి. మధ్యలో తుమ్మొచ్చిందంటే మళ్ళీ మొదటినుంచీ. అవి చుట్టీ చుట్టీ నా కళ్ళు ఇలా అయ్యాయి."

"మరి పన్నెండో భాగం ఎవరి గురించో తెలుసా?"

"మన దగ్గరి రికార్డుల గురించి."

"ఆ పాట గురించి. ఒక్క ఆ పాట గురించే అరగంట. మొదట్లో ఆ ఎనిమిది స్వరాలు గరగరమని వస్తాయే, వాటి గురించి. ఇన్నేళ్ళయినా సందు చివర మంగలాయన ఈల వేస్తూనే ఉంటాడు. ఆ రికార్డు అట్ట వెనక పాడినావిడ పేరుంది, రాసినాయన పేరుంది. గిటారు వాయించింది ఎవరో లేదు. 'వాద్యబృందం' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు."

"అప్పుడందరికీ అంతేనమ్మా. వాయించినవాళ్ళ పేర్లు ఎవరు వేశారు?"

"అందుకే నేను ఉత్తరం రాశాను. మా తాతయ్య వాయించారండీ అని. నాలుగు పేజీలు. తాతయ్యకి చెప్పకుండా రాశాను. వాళ్ళు జవాబిస్తారని నేను మాత్రం కలగన్నానా? రేడియో ఆవిడ అమ్మకి ఫోన్ చేసి, ఆ పాట మేమే వాయించామని ఇద్దరి పేర్లు వినిపిస్తున్నాయి, ఒకరు మీ నాన్నగారు, ఇంకొకరు పొడుగాయన అని పిలిచే ఆయన, ఎలా తేల్చమంటారు అన్నారు."

"మాస్టారు వాయించానని అన్నారా ఎప్పుడైనా?"

"తాతయ్య అనడమేంటి? అందరికీ తెలిసిందేగా. అప్పుడు నేను అమ్మ చేత చెప్పించాను, మా ఇంట్లో ఆ యాంపు ఇంకా ఉందండీ, ఆ చిరుగు కూడా అలాగే ఉందండీ అని. ఆవిడ ఎంత సంబరపడ్డారో. మా రికార్డిస్టుని తీసుకొస్తాం, యాంపులోంచి ఆ స్వరాలు వాయించమనండి, పాత రికార్డు పక్కన పెట్టి వింటాం, కలిస్తే మీ నాన్నగారి పేరు చెప్పేస్తాం అన్నారు. ఇక ఎవరు ఎక్కడ ఆ పాట గురించి రాసినా ఆ పేరే రాస్తారట. బాబాయ్, వింటున్నావా? తాతయ్య పేరు. ఆ ఒక్క చిరుగు మీద ఆధారపడి ఉంది. నువ్వు దాన్ని బాగుచేశావు."

"… మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దు."

"ముఖం ఎర్రబడింది. కొంచెం తాగు."

"తాగితే కోను వస్తుందా?"

"ఏడవకమ్మా."

"ఏడవడం లేదు. నాకేం చెయ్యాలో తెలీడం లేదు."

"పోనీ ఒక పని చేద్దాం. కాలితో తొక్కే డబ్బా ఒకటుంది నా దగ్గర. తొక్కితే గరగర వస్తుంది. పెళ్ళిళ్ళలో వాయించే కుర్రాళ్ళంతా ఇప్పుడు అవే వాడుతున్నారు."

"ఎనిమిదో భాగంలో చెప్పారు దాని గురించి. చిరిగిన స్పీకరు గొంతు అందరికీ కావాల్సొచ్చి, ప్రతివాడూ స్పీకరు చింపుకోలేడు గనక ఆ డబ్బాలు చేశారట. డబ్బాది డబ్బాలాగే ఉంటుంది. రికార్డిస్టుకి తెలిసిపోదా?"

"అయితే చింపేద్దాం."

"ఏంటి?"

"ఆ మూల పాత స్పీకరు ఒకటుంది చూడు, దాన్ని యాంపుకి కలుపుతా. కలిపి చింపుతా. బయట దేశాల్లో బ్లేడు పెట్టి కోసుకున్నవాళ్ళున్నారు, పెన్సిలుతో పొడుచుకున్నవాళ్ళున్నారు. మనం మాత్రం చింపలేమా?"

"నా డైరీలో బొమ్మ ఉంది. చిరుగు బొమ్మ. పోయిన ఏడాది గీశాను. ఇదిగో. ఇక్కడ మొదలై, ఇలా మూడు మలుపులు తిరిగి, అంచు దగ్గర ఆగుతుంది. ఇక్కడ చిన్న ముక్క నాలుకలా వేలాడుతుంది."

"దీనికి కూడా బొమ్మ గీసుకున్నావా? … సరే, ఇటు పట్టుకో. గట్టిగా. వేలు తీయి, బ్లేడు. … ఆఁ. మీటు."

"…"

"ఎలా ఉంది?"

"మేకకి జలుబు చేసినట్టుంది."

"ఇంకొంచెం కోస్తాను. ఇప్పుడు?"

"కందిరీగ డబ్బాలో పడ్డట్టుంది."

"కందిరీగ మేక కన్నా నయమేగా. కొంచెం దగ్గరికొచ్చాం. అసలుది ఎలా ఉండేదో చెప్పు, సరిగ్గా."

"అసలుది… ఒక మనిషి ఏడుపు గొంతులో ఆపుకుంటూ మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉండేది."

"అది బ్లేడుతో రాదమ్మా."

"మరి తాతయ్యకెలా వచ్చింది?"

"మేకు. కోసింది వేరు, చిరిగింది వేరు. ఆ కాగితం అప్పటికే పాతది, పొగ పట్టి ఉంది. మెట్లమీద యాంపు జారింది, రెయిలింగు మేకు గుచ్చుకుంది, దాని ఇష్టం వచ్చినట్టు అది చినిగింది. మళ్ళీ అలాగే చినగమంటే ఏ కాగితమూ చినగదు."

"అవును, రికార్డింగుకి పది నిమిషాల ముందు. వేరే స్పీకరు తేవడానికి టైము లేదు. తాతయ్య అలాగే ప్లగ్గు పెట్టేశారు. ముందు ఆ సౌండాయన చెడామడా తిట్టాడట, తర్వాత రెండోసారి విని 'ఇదే ఉంచండి' అన్నాడట. అమ్మ ఈ కథ నాకు అన్నం పెడుతూ చెప్పేది."

"మీ అమ్మకెవరు చెప్పారు?"

"అమ్మకి… అందరూ చెప్పారు. ఆ పాత కోను ఎక్కడ పారేశావు బాబాయ్? చెప్పు, నేను వెతుక్కుంటాను. ముక్కలైనా ఫరవాలేదు, అతికిద్దాం."

"బుధవారం చెత్తబండిలో వేసేశాను."

"మీ వీధికి చెత్తబండి మంగళవారం, శనివారమే వస్తుంది."

"అయితే మంగళవారం."

"మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి వస్తూ చూశాను, నువ్వింకా యాంపు తెరవలేదు. నా చీటీ అలాగే ఉంది. అసలు నువ్వు ఏదీ పారెయ్యవు. ఆ సీసాలో ఏమున్నాయి? కాలిపోయిన ఫ్యూజులు. ఆ డబ్బాలో? ఊడిపోయిన బొత్తాలు, స్విచ్చుల ముక్కలు. కాలిపోయిన ఫ్యూజులకి కూడా పేరు రాసి అంటించుకునే మనిషివి, ఆ కోనుని చెత్తలో వేశావంటే నేను నమ్మాలా?"

"కాల్చేశాను."

"ఏం చేశావు?"

"వెనక సందులో పెట్టి కాల్చేశాను. ఇక వెతకొద్దు, లేదు."

"కాల్చావా? ఎందుకు?"

"కాల్చమన్నారు గనక."

"ఎవరు?"

"ఎవరూ లేరు."

"'కాల్చమన్నారు' అన్నావు ఇప్పుడే."

"అలవాటుగా నోరు జారింది."

"చెయ్యి జారింది, నోరు జారింది. పొద్దుట్నుంచి అన్నీ జారుతూనే ఉన్నాయి నీకు. ఆ పొడుగాయనేనా? ఆయన వచ్చి చెప్పాడా? రేడియోవాళ్ళు ఆయన్ని కూడా అడిగారు. ఆయన దగ్గర యాంపు లేదు, ఏ ఆధారమూ లేదు. మన దగ్గర ఉన్నది కూడా లేకుండా చేస్తే సరిపోతుందని…"

"ఆ మనిషి మాట ఎత్తకు."

"ఎందుకెత్తకూడదు? నలభై ఏళ్ళుగా పత్రికలకి ఉత్తరాలు రాస్తున్నాడు, నేనే వాయించాను, నేనే వాయించాను అని. సిగ్గుండక్కర్లా…"

"పోయాడమ్మా."

"ఎక్కడికి?"

"పోయాడు. మంగళవారం రాత్రి, ఆసుపత్రిలో. జనరల్ వార్డులో ఎనిమిది రోజులున్నాడు. ఇదిగో, ఇప్పుడు తాగు మంచినీళ్ళు."

"నాకు తెలీదు బాబాయ్."

"నీకెలా తెలుస్తుంది."

"నేను ఆ ఉత్తరంలో రాశాను. ఆయన అబద్ధాలకోరు, నమ్మకండి అని. ఆ మాట కింద గీత కూడా కొట్టాను. ఎర్ర పెన్నుతో."

"ఎందుకు రాశావమ్మా అంత మాట?"

"ఇంట్లో అందరూ అనేదే కదా. పెద్దమామయ్య అంటాడు, అమ్మ అంటుంది. తాతయ్య మాత్రం ఏమీ అనేవారు కాదు. ఆయన పేరు వస్తే లేచి మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయేవారు. తాతయ్యకి ఎవర్నీ ఏమీ అనడం రాదు, అందుకే మేము అనేవాళ్ళం. … పోయినవాళ్ళని అలా అనకూడదు. కానీ అబద్ధం అబద్ధమే కదా బాబాయ్?"

"ఆ మనిషి వేళ్ళు చూశావా ఎప్పుడైనా?"

"నేనెప్పుడు చూస్తాను?"

"వెదురు కణుపుల్లా ఉండేవి. ఒక్క వేలితో తీగ లాగితే రెండు స్వరాల అవతలికి వెళ్ళొచ్చేది. ఏం లాభం? యాంపు లేదు. ఆ రోజుల్లో యాంపు ఉన్నవాడే గిటారిస్టు. ఊరు మొత్తం మీద రెండే ఉండేవి. ఒకటి హోటలు డాన్సుహాలుది, అది అక్కణ్ణుంచి కదలదు. రెండోది మీ తాతయ్యది. 'యాంపాయన్ని పిలవండి' అనేవాళ్ళు స్టూడియోల్లో. పేరు పెట్టి పిలిచినవాడే లేడు. పొడుగాయనలాంటి వాళ్ళంతా యాంపు మోసుకుంటూ వెనకాల వెళ్ళేవాళ్ళు. ఎవరైనా ఎలాగైనా వాయించనీ, యాంపు ఎవరిదో వాద్యం వాళ్ళది. లెక్క అంతే."

"అదేం లెక్క?"

"అప్పటి లెక్క. ఆ పాట హిట్టయ్యాక చూడాలి. ప్రతి సంగీతదర్శకుడూ ఆ చిరుగు కావాలనేవాడు. పిల్లల పాటకి కూడా చిరుగే, జోలపాటకి కూడా చిరుగే. పదిహేనేళ్ళు ఈ యాంపు ఒక్కరోజు ఖాళీగా లేదు. తర్వాత కీబోర్డులొచ్చాయి. ఒక మీట నొక్కితే గిటారు, ఇంకో మీట నొక్కితే చిరిగిన గిటారు. ఇప్పుడైతే మనిషే అక్కర్లేదు, కంప్యూటర్లో బొమ్మ మీద నొక్కితే చాలు."

"మా ఇల్లు ఆ పదిహేనేళ్ళలో కట్టిందే. అమ్మ చదువు, మామయ్య చదువు…"

"అవును. అన్నీ ఆ చిరుగులోంచి వచ్చినవే."

"ఫోను. బాబాయ్, ఫోను మోగుతోంది. రేడియో ఆవిడే."

"నీ చేతిలోనే ఉందిగా, మాట్లాడు."

"నా వల్ల కాదు. నాకు గొంతు రాదు. నువ్వు మాట్లాడు, నీకు దండం పెడతాను."

"నేనేం చెప్పను? … హలో. ఆఁ. కాదండీ, వాళ్ళ అమ్మగారు ఫోను ఈ పిల్లకిచ్చి పంపారు. నేను మెకానిక్కునండీ. యాంపా? ఉందండీ, నా ఎదురుగానే ఉంది. పని చేస్తోందండీ. బాగానే… బాగా పని చేస్తోందండీ. అదే మా బాధ. … అహ, ఏం లేదండీ. మాస్టారు కులాసాయే. … మూడింటికా? నాలుగన్నారుగా. … సరేనండీ. మంచిదండీ."

"ముందే వస్తారా?"

"మూడింటికే వస్తారట. ఇంకో ఊళ్ళో పని ఉందట."

"చెప్పలేదేం, కోను లేదని?"

"నువ్వు చెప్పలేదేం? చూశావా. ఇద్దరికిద్దరం సరిపోయాం."

"బాబాయ్, ఒట్టేసి చెప్పు. ఎవరు కాల్చమన్నారు?"

"అడగొద్దమ్మా. మాట ఇచ్చాను."

"ఎవరికి?"

"అడగొద్దన్నానా."

గడపలో చేతికర్ర చప్పుడు. చమట తుడుచుకుంటూ ఆమె తాతయ్య వచ్చి నిలబడ్డాడు.

"పిచ్చుకా, ఇక్కడున్నావా? మీ అమ్మ వీధంతా వెతుకుతోంది. వచ్చేవాళ్ళకి కుర్చీలు చాలవట, పక్కింట్లో అడగాలట."

"తాతయ్యా, నువ్వు లోపలికి రాకు."

"వచ్చేశాను కదా. కూర్చోనీ కాసేపు. ఏమయ్యా, ఎండ మండిపోతోంది, ఆ ఫ్యాను ఇటు తిప్పు."

"తిప్పాను మాస్టారూ."

"పిల్ల ముఖం అలా ఉందేం? నువ్వేమన్నా అన్నావా?"

"నేనేమంటాను మాస్టారూ. అన్నీ తనే అంటోంది."

"తాతయ్యా, బాబాయి కోను మార్చేశాడు. పాతది కాల్చేశాడు. ఎవరో కాల్చమన్నారట, ఎవరో చెప్పడం లేదు. మూడింటికే రేడియోవాళ్ళు వస్తున్నారు. తప్పు నాది, నేనే యాంపు ఇక్కడ పెట్టాను. షాక్ కొడితే కొట్టనీ అని ఊరుకోవాల్సింది."

"నీ తప్పేం లేదమ్మా."

"నీకు కోపం రావడం లేదా?"

"లేదు."

"ఎందుకు రావడం లేదు?"

"మాస్టారూ, ఇక నా వల్ల కాదు. పొద్దుట్నుంచి ఈ పిల్ల ఎదురుగా అబద్ధం మీద అబద్ధం పేరుస్తున్నాను. నాకు అంత చేతకాదు. మీరే చెప్పేయండి."

"… నేనే చెప్పానమ్మా, మార్చమని."

"నువ్వా?"

"నేనే."

"కాల్చమన్నది కూడా?"

"మాస్టారే బుధవారం ఇక్కడికి వచ్చారమ్మా. ఆ పొడుగాయన అంత్యక్రియలయ్యాక నేరుగా వచ్చారు. కోను తీయమన్నారు. నా సంగతి తెలుసుగా, ఒక డబ్బాలో దాస్తానన్నాను. వద్దన్నారు. కాలిపోయేదాకా ఆ సందులోనే నిలబడ్డారు."

"తాతయ్యా, ఆయన అంత్యక్రియలకి వెళ్ళావా? మాతో చెప్పలేదే. కూరగాయలకి వెళ్ళొస్తానన్నావు."

"వస్తూ కూరగాయలు కూడా తెచ్చాను కదా."

"ఎందుకు కాల్పించావు?"

"విసుగొచ్చిందమ్మా ఆ చప్పుడు. ఒకటే గరగర. చెవులకి పడటం లేదు ఈ వయసులో."

"నలభై ఏళ్ళూ రాని విసుగు బుధవారం వచ్చిందా?"

"ఏమయ్యా, ఈ పిల్ల ఇలా అడుగుతుందని నాకు ముందే చెప్పొద్దూ?"

"నాక్కూడా పొద్దున్నే తెలిసింది మాస్టారూ."

"తాతయ్యా, నీ పేరు కోసం అంత కష్టపడి రాశాను. మూడుసార్లు తిరగరాశాను ఆ ఉత్తరం. పెద్దవాళ్ళకి ఎలా రాయాలో తెలీక, స్కూల్లో తెలుగు టీచరు దగ్గర అడగడానికి సిగ్గేసి, పాత శుభలేఖలు చూసి 'మహాశయులకు' అని రాశాను. నీకు పేరు రావడం ఇష్టం లేదా?"

"నీ కష్టం నాకు తెలీదా, పిచ్చుకా. మీ అమ్మ చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

"సంతోషంతోనా?"

"… ఇంటికి వెళ్దామా? కుర్చీలు తేవాలట."

"తాతయ్యా, ఉండు. పోనీలే. అయిందేదో అయింది. నాకిప్పుడే గుర్తొచ్చింది, రేడియో ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు. గరగర కన్నా వేళ్ళే ముఖ్యమట. ఒక్కొక్కళ్ళ వేళ్ళు ఒక్కోలా పలుకుతాయట. ఆ ఎనిమిదింటిలో అయిదో స్వరం ఉందే, మూడో తీగని పైకి లాగి, వణికించి, మళ్ళీ కిందికి దింపకుండానే వదిలేస్తావే, అది ఎవరూ సరిగ్గా వాయించలేరట. వాళ్ళ రికార్డిస్టు ఇరవై మందిని వాయించమని చూశాడట. ఆ ఒక్కటి వింటే చాలు, ఆయనే అని చెప్పేస్తానన్నాడట. బాబాయ్, చూశావా? కోను లేకపోయినా ఫరవాలేదు."

"అలా అన్నారా?"

"పైగా నువ్వు కొత్త కోను వేశావు గనక వేళ్ళు ఇంకా శుభ్రంగా వినిపిస్తాయి. గరగర వెనక దాక్కోవడానికి ఏమీ ఉండదు. ఇంత మంచిపని చేసి పొద్దుట్నుంచి దొంగలా చూస్తావేం బాబాయ్?"

"మాస్టారూ…"

"నువ్వు ఊరుకోవయ్యా."

"తాతయ్యా, ఇక్కడే ఒకసారి వాయించు. మూడింటికి చెయ్యి బిగుసుకుపోకుండా ఉంటుంది."

"ఈ చేతికి ఇప్పుడేం వస్తుందమ్మా. కీళ్ళు పట్టేశాయి."

"మొన్న సాయంత్రం మామయ్య పిల్లలకి నాలుగు పాటలు వాయించావు. కీళ్ళు పట్టేసినవాళ్ళు నాలుగు పాటలు వాయిస్తారా?"

"అవి తేలిక పాటలు."

"ఇదీ ఎనిమిదే స్వరాలు. నాకు ఏడు వచ్చు. రికార్డు పెట్టుకుని, గదిలో తలుపేసుకుని నేర్చుకున్నాను. అయిదోది మాత్రం రాదు. నిన్ను అడుగుదామంటే ఎప్పుడూ ఇదొక్కటే వాయించవు. అన్ని పాటలూ వాయిస్తావు, పక్కింటి బాబు పుట్టినరోజుకి కూడా వాయిస్తావు, ఇదడిగితే విసుగంటావు."

"విసుగే మరి."

"నాకోసం. ఒక్కసారి. నేను ఎవర్నీ ఏదీ అడగను తాతయ్యా, నీకు తెలుసు."

"మాస్టారూ, పోనీ నేను ప్లగ్గు తీసేస్తాను. కరెంటు పోయిందందాం."

"అలాంటివి చాలయ్యా. ఇలా ఇవ్వమ్మా గిటారు."

"ఇదిగో. పట్టీ వేసుకుంటావా?"

"వద్దు."

"బాబాయ్, స్విచ్చు వెయ్యి. … ఒకటి. రెండు. మూడు, ఎంత బాగుందో. నాలుగు. ఆఁ, ఇప్పుడు అయిదోది."

"…"

"అయిదోది తాతయ్యా."

"…"

"తీగ పైకి లాగు."

"లాగుతూనే ఉన్నానమ్మా. రికార్డింగు రోజు కూడా ఇక్కడిదాకా వాయించాను. మూడుసార్లు వాయించాను, మూడుసార్లూ ఇక్కడే ఆగిపోయాను. యాంపు మోసుకొచ్చిన పొడుగాయన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. 'ఇలా ఇవ్వండన్నా' అన్నాడు. ఇచ్చేశాను."